కంపెనీకి ముందు నడిచిన కొనుగోలుదారులు: అమెరికాలో లెగో వయోజన అభిమానుల చరిత్ర

2004 నాటికి లెగో కంపెనీ తన ఇటుకల రంగుల్లో మూడింటిని మార్చేసింది. లేత బూడిద, ముదురు బూడిద రంగులు కాస్త నీలిఛాయకు తిరిగాయి, గోధుమరంగు కాస్త ఎరుపెక్కింది. పిల్లల పెట్టెలో ఈ తేడా కంటికి ఆనేది కాదు. ఏళ్ల తరబడి బూడిదరంగు ఇటుకలు కూడబెట్టి కోటలూ రైల్వే స్టేషన్లూ కడుతున్న అమెరికన్ పెద్దవాళ్లకు మాత్రం అది గోడ మధ్యలో అతుకులా కొట్టొచ్చినట్టు కనిపించింది. నిరసనలు వెల్లువెత్తాయి. పాత బూడిదరంగు మాత్రం తిరిగి రాలేదు.

వినియోగదారుల మాట వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి వ్యాపార పాఠాల్లో ఈ గొడవను ఉదహరిస్తుంటారు. నాకు అందులో మరో సంగతి ముఖ్యమనిపిస్తుంది. ఆటబొమ్మ కొన్నవాడు రంగు మారితే విసుక్కుంటాడు. ముడిసరుకు కొన్నవాడికి పనే ఆగిపోతుంది. ఆ నిరసన రెండో రకం మనుషులది. అమెరికాలో లెగో వయోజన అభిమానులను ఒక బ్రాండు మీద మోజుపడిన జనంగా చూస్తే వారి చరిత్ర సగమే అర్థమవుతుంది. సొంత కొలతలు, సొంత జాబితాలు, సొంత మర్యాదలు ఏర్పరచుకున్న పనివాళ్ల సమాజంగా చూసినప్పుడే కంపెనీ వాళ్ల వెనక ఎందుకు నడవాల్సి వచ్చిందో తెలుస్తుంది. ఈ వ్యాసం ప్రతిపాదన అదే.

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో బొమ్మల తయారీ మొదలుపెట్టాడు. ఆ కార్ఖానా 1949లో ప్లాస్టిక్ ఇటుకలు తీసింది. వాటికి మాతృక బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ రూపొందించిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుక. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదాన్నొకటి బిగువుగా పట్టుకునే నేటి రూపానికి 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు చేశారు. అమెరికాలోకి ఈ ఇటుక 1961లో సూట్‌కేసుల కంపెనీ శాంసొనైట్ లైసెన్సు మీద వచ్చింది. 1973లో లెగో కనెక్టికట్ రాష్ట్రంలో సొంత శాఖ తెరిచింది.

కట్టి ఆడే బొమ్మలు అప్పటికే అమెరికాకు కొత్త కాదు. ఏ.సి. గిల్బర్ట్ ఇనుప పట్టీల ఎరెక్టర్ సెట్ 1913లోనే వచ్చింది. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కొడుకు జాన్ లాయిడ్ రైట్ చెక్క దుంగల లింకన్ లాగ్స్ తయారుచేశాడు. కానీ పెద్దల లెగోకు అసలు పూర్వరంగం ఈ పిల్లల పెట్టెల్లో కంటే నమూనా రైళ్ల క్లబ్బుల్లో ఉందని నా అభిప్రాయం. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1935లో మిల్వాకీలో పుట్టింది. ఏ కంపెనీ రైలుపెట్టె అయినా ఏ పట్టాల మీదైనా నడవాలంటే ఉమ్మడి ప్రమాణాలు కావాలి. వాటిని రాసి నిలబెట్టడమే ఆ సంఘం ప్రధాన పని. ఎవరింట్లో వారు ఒక బల్లంత భాగం కట్టుకొచ్చి, హాల్లో అన్నిటినీ కలిపి ఒక ఊరుగా పరచడం ఆ క్లబ్బుల అలవాటు. 1990ల చివరలో మినసోటా, వాషింగ్టన్ డీసీ, పసిఫిక్ వాయవ్య ప్రాంతాల్లో ఏర్పడిన లెగో రైలు క్లబ్బులు ఈ అలవాటునే అందిపుచ్చుకున్నాయి. నమూనా రైళ్ల ప్రదర్శనల్లోనే చోటు అడిగి తమ ప్లాస్టిక్ ఊళ్లు పరిచాయి. పెద్దవాడు బొమ్మ రైలుతో కూర్చుంటే నవ్వని హాలు అమెరికాలో అప్పటికే ఒకటి సిద్ధంగా ఉంది. లెగో అందులోకి పక్క తలుపు గుండా ప్రవేశించింది.

ఈ క్లబ్బులకు ముందే, 1990ల మొదట్లో, ఇంటర్నెట్ చర్చావేదికల్లో విడివిడి అభిమానులు ఒకరికొకరు తారసపడ్డారు. 1998లో టాడ్ లేమన్, సుజాన్ రిచ్ కలిసి లగ్‌నెట్ అనే అభిమానుల ఆన్‌లైన్ వేదిక స్థాపించారు. 2000లో వర్జీనియాలో క్రిస్టినా హిచ్‌కాక్ చొరవతో బ్రిక్‌ఫెస్ట్ అనే అభిమానుల సభ జరిగింది. తర్వాత సియాటిల్‌లో బ్రిక్‌కాన్, షికాగోలో బ్రిక్‌వరల్డ్, మళ్లీ వర్జీనియాలో బ్రిక్‌ఫెయిర్. ఈ రంగం మగవాళ్లదని స్థిరపడిన మాటను పై పేర్లే సరిదిద్దుతాయి: తొలి సంస్థల పునాదుల్లోనే స్త్రీలున్నారు. సియాటిల్‌కు చెందిన ఆలిస్ ఫించ్ సుమారు 4 లక్షల ఇటుకలతో కట్టిన హాగ్వార్ట్స్ కోటను 2012లో బ్రిక్‌కాన్‌లో ప్రదర్శించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. ఎంఐటీ వార్తా విభాగంలో పనిచేసిన మాయా వైన్‌స్టాక్ ప్రతిపాదించిన నాసా మహిళల సెట్ 2017లో మార్కెట్లోకి వచ్చింది.

ఇక కొలతల సంగతి. ఈ సమాజానికి ప్రాణం ఇక్కడే ఉంది కనుక దీన్ని వివరంగా చెప్పాలి. రెండు బుడిపెల కేంద్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. సన్నటి పలక ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు. అయిదు పలకలు ఒకదానిపై ఒకటి పేరిస్తే 16 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు బుడిపెల వెడల్పు కూడా సరిగ్గా 16 మిల్లీమీటర్లే. ఈ చిన్న సమీకరణం తెలిసినవాడు ఇటుకను పక్కకు తిప్పి కట్టగలడు. బుడిపెలు ఆకాశం వైపు కాక గోడ వైపు, కింది వైపు చూస్తాయి. కిటికీ చట్రం సన్నబడుతుంది, గోపురం గుండ్రనవుతుంది, అక్షరాలు గోడలో ఇమిడిపోతాయి. అభిమానులు దీన్ని స్నాట్ పద్ధతి అంటారు. దూరం నుంచి చూసేవారికి అది ఇటుకలతో కట్టిందని తెలియకపోవడం ఈ విద్యలో నేర్పుకు గుర్తు.

ఇదే కొలతను కంప్యూటర్లోకి ఎక్కించినవాడు ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్. 1995లో ఆయన రాసిన ఎల్‌డ్రా ప్రోగ్రాములో బుడిపె దూరం 20 యూనిట్లు, ఇటుక ఎత్తు 24, పలక ఎత్తు 8. భిన్నాలు లేకుండా పూర్ణసంఖ్యల్లోకి వచ్చేలా ఎంచుకున్న కొలత అది. ఆయన 1997లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఆ యూనిట్లు మాత్రం ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కంపెనీ తన కొలతలను అభిమానులకు పాఠంగా చెప్పలేదు. వాళ్లే కొలిచారు, రాసుకున్నారు, ఉచితంగా పంచుకున్నారు.

కొలత ఉన్నచోట తప్పొప్పులూ ఉంటాయి. జేమీ బెరార్డ్ 2006లో అభిమానుల సభలో చేసిన ఒక ప్రసంగం ఇప్పటికీ పాఠ్యగ్రంథంలా చలామణిలో ఉంది. రెండు ముక్కలు పట్టుకున్నంత మాత్రాన ఆ కూర్పు సరైనది కాదని, ప్లాస్టిక్ మీద ఒత్తిడి పడితే అది కంపెనీ లెక్కలో నిషిద్ధమని ఆయన బొమ్మలు గీసి చూపించాడు. మసాచుసెట్స్ అభిమానిగా మొదలై కంపెనీ రూపశిల్పిగా చేరినవాడు కనుక ఆయన మాటకు రెండు వైపులా విలువ ఉంది. జిగురు వాడకూడదు, ముక్కలు కోయకూడదు, రంగు వేయకూడదు అన్న కట్టుబాట్లు మాత్రం అభిమానులే పెట్టుకున్నవి. కొందరు వీటిని మీరుతారు, దానిమీద వాదాలు నడుస్తాయి. 2014 నాటి ద లెగో మూవీలో తండ్రి పాత్ర అన్నిటినీ జిగురుతో అంటించాలని చూస్తుంది. పెద్ద అభిమానిని అలా చిత్రించడం అన్యాయమని నేననుకుంటాను. అసలు అభిమాని జిగురు జోలికి పోడు. రేపటి కట్టడానికి అవే ఇటుకలు కావాలి కదా.

ఇటుకలు సర్దడంలోనూ పట్టింపు ఉంది. కొత్తవాళ్లు రంగుల వారీగా సర్దుతారు. అనుభవజ్ఞులు ఆకారాల వారీగా సర్దుతారు. ఒకే రంగు గుట్టలో ఆకారాన్ని వెతకడం కంటే ఒకే ఆకారం గుట్టలో రంగును వెతకడం కంటికి తేలిక.

ఒకే రకం ఇటుకలు పెద్దసంఖ్యలో కావలసిన అవసరం నుంచి మరో సంస్థ పుట్టింది. ఒక కోటకు ఒకే రకం ఇటుకలు 2 వేలు కావాలంటే దుకాణంలో దొరకవు. అక్కడ పెట్టెలే అమ్ముతారు, అందులో ఆ ఇటుకలు నాలుగో అయిదో ఉంటాయి. డాన్ జెజెక్ 2000లో మొదలుపెట్టిన బ్రిక్‌లింక్ అనే ఆన్‌లైన్ సంత ఈ చిక్కును విప్పింది. సెట్లు విడగొట్టి ముక్కలు అమ్మే చిన్న వ్యాపారులు అందులో వేలల్లో చేరారు. దానికన్నా గొప్ప పని జాబితా. ప్రతి ముక్కకూ ఒక సంఖ్య, ఒక పేరు, ఏ ఏ రంగుల్లో ఏ ఏడాది వచ్చిందో వివరం, ఏ సెట్లో ఎన్ని ఉన్నాయో లెక్క. ఇదంతా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లు పెట్టెలు విప్పి, లెక్కపెట్టి నమోదు చేసినదే. ఏ విశ్వవిద్యాలయమూ జీతం ఇవ్వకుండా తయారైన ఇంత సమగ్రమైన వస్తుసూచి మరొకటి నా ఎరుకలో లేదు.

కంపెనీ ఈ శక్తిని గుర్తించింది కష్టకాలంలో. 2003, 2004 సంవత్సరాల్లో లెగో దివాలా అంచుకు వెళ్లింది. 2004లో పగ్గాలు చేపట్టిన యోర్గెన్ విగ్ క్నుడ్‌స్టోర్ప్ మరుసటి ఏడాది బ్రిక్‌ఫెస్ట్‌కు వచ్చి అభిమానులతో మాట్లాడాడు. దీనికి ముందే ఒక పరీక్ష జరిగి ఉంది. 1998లో మైండ్‌స్టార్మ్స్ రోబో సెట్ రాగానే స్టాన్‌ఫర్డ్ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ దాని లోపలి సంకేతాలను విప్పి అందరికీ చెప్పేశాడు. దావా వేయాలా వద్దా అని తర్జనభర్జన పడిన కంపెనీ చివరికి వదిలేయడమే మేలనుకుంది. తర్వాతి తరం రోబో తయారుచేసేటప్పుడు నలుగురు అభిమానులను రహస్యంగా సలహాదారులుగా పిలిచింది. వాళ్లు డెన్మార్క్‌కు విమానం టికెట్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు, ప్రతిఫలంగా లెగో సెట్లు తీసుకున్నారు. ఆ రోబో 2006లో వచ్చింది. ఈ ఉదంతాన్ని ఉదారతకు ఉదాహరణగా చెబుతారు. ఉదారతే, సందేహం లేదు. అయినా నిపుణుల శ్రమకు సెట్లు చాలు అని ఒక పెద్ద సంస్థ అనుకోగలిగిందన్న విషయాన్ని చరిత్రకారుడు పక్కన పెట్టకూడదు.

అభిమానుల రూపకల్పనలు క్రమంగా పెట్టెల్లోకి చేరాయి. మినియాపోలిస్‌కు చెందిన డాన్ సిస్కిండ్ కట్టిన కమ్మరి కొట్టును కంపెనీ 2002లో సెట్‌గా అమ్మింది. ఆ తర్వాత ఆయన రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల నమూనాలకు పేరుపొందాడు. ఆధునిక యుద్ధాన్ని బొమ్మగా అమ్మరాదన్న డేనిష్ కంపెనీ నియమం అమెరికన్ అభిరుచికి ఎక్కడ అడ్డుపడిందో ఈ మలుపు చెబుతుంది. బెరార్డ్ రూపొందించిన కేఫ్ కార్నర్ 2007లో వీధి భవనాల వరసకు నాంది పలికింది. ఇరుపక్కలా మరో భవనం అమర్చుకునే ఏర్పాటు ఉన్న ఆ సెట్‌లో నాకు రైలు క్లబ్బుల బల్లల పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. షికాగో వాస్తుశిల్పి ఆడం రీడ్ టక్కర్‌తో 2008లో ఆర్కిటెక్చర్ వరస వచ్చింది. 2017లో 7,541 ముక్కల స్టార్ వార్స్ నౌక మిలీనియం ఫాల్కన్ ధర 800 డాలర్లు. 2020లో పెట్టెల మీద 18+ అని అచ్చయింది.

తెలుగువాళ్లు ఈ కథలోకి ఎక్కడ వస్తారు? పెద్దవాళ్లు బొమ్మలతో కూర్చోవడం మనకు వింత కాదు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి కొలువు తీర్చి, పేరంటానికి నలుగురినీ పిలిచే ఇల్లాలు చేసేది బ్రిక్‌ఫెయిర్‌లో బల్ల పరిచినవాడు చేసేదానికి దూరం కాదు. ఇద్దరూ ఏడాదంతా కూర్చినదాన్ని నలుగురి ముందు పెడతారు, తర్వాత తీసి సర్దేస్తారు. తేడా ఒకటుంది. కొలువులో చేసే చేయి వేరు, పేర్చే చేయి వేరు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కే కళాకారుడు ఆ పేరంటంలో ఉండడు. లెగో సభలో కట్టినవాడే బల్ల వెనక నిలబడి ఎలా కట్టాడో చెబుతాడు.

అమెరికాలోని తెలుగు ఇళ్లలోకి లెగో ఎక్కువగా పిల్లల చదువు దారిన వచ్చింది. ఫస్ట్ లెగో లీగ్ రోబో పోటీలకు పిల్లలను తీసుకెళ్లి, వాళ్ల జట్లకు శిక్షకులుగా నిలిచే తల్లిదండ్రుల్లో మనవాళ్లు కనబడుతూనే ఉంటారు. అభిమానుల సాహిత్యం ప్రతి వయోజనుడి జీవితాన్నీ ఒకే మూసలో చెబుతుంది: చిన్ననాటి ఇటుకలు, కౌమారంలో వాటిని వదిలేసిన చీకటి కాలం, పెద్దయ్యాక తిరిగిరావడం. 1970లు, 80లలో మన ఊళ్లలో పుట్టినవాడికి ఈ మూస సరిపోదు. అతని చిన్నతనంలో మెకానిక్స్ సెట్టు దొరికితే అదే గొప్ప. తిరిగి వెళ్లడానికి అతనికి బాల్యపు లెగో లేదు. ముప్పై అయిదో ఏట కూతురి పక్కన కూర్చుని మొదటి ఇటుక పట్టుకున్నవాడు ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక కూడా కడుతూ ఉంటే, అతన్ని నడిపించేది గతం మీద బెంగ కాదు. వయోజన అభిమానానికి మూలం బాల్యస్మృతి అన్న సిద్ధాంతం అమెరికన్ అనుభవాన్ని అందరికీ అంటగట్టింది. వలస కుటుంబాలను కలుపుకుని చూస్తే పని మీది ఇష్టమే దానికి మరింత బలమైన కారణంగా తేలుతుంది.

2010లో జెజెక్ మరణించాక బ్రిక్‌లింక్ కుటుంబం చేతుల్లో నడిచి, 2013లో కొరియా వ్యాపారవేత్త కిమ్ జంగ్-జూ సంస్థకు, 2019 నవంబరులో స్వయంగా లెగో గ్రూపుకు చేరింది. అప్పటికి అందులో 10 లక్షలకు పైగా సభ్యులున్నారు. కంపెనీ కొన్నది దుకాణాన్ని మాత్రమే కాదు, తన సరుకు గురించి ఇతరులు రాసిన జాబితానూ. లెగో ఐడియాస్ పథకంలో 10 వేల మద్దతుదారులను కూడగట్టి, ఎంపికై, సెట్ అమ్ముడైతే రూపకర్తకు నికర అమ్మకాల్లో 1 శాతం వస్తుంది. ఒక్కొక్క ముక్కనూ లెక్కపెట్టి నమోదు చేసినవాళ్లకు అలాంటి లెక్క ఏదీ లేదు. వాళ్లు అడగలేదు కూడా. అడగకపోవడం వల్ల ఆ శ్రమ ఎవరిదన్న ప్రశ్న తీరిపోదు.

పరిశోధకుడికి ఇంకో చిక్కు ఉంది. సభ ముగియగానే కట్టడాలు విప్పేస్తారు. ముక్కలు సొరుగుల్లోకి వెళ్లి మరో రూపం ఎత్తుతాయి. ఆలిస్ ఫించ్ కోట లాంటివాటికి మిగిలేది ఫోటోలు, కట్టినవాళ్ల మాటలు, విడిభాగాల లెక్కలు. లెగో ఇటుక 1998లోనే అమెరికా జాతీయ బొమ్మల గౌరవ జాబితాకెక్కింది. ఆ ఇటుకతో పెద్దవాళ్లు చేసినదాని చరిత్ర మాత్రం ఇంకా క్లబ్బుల అలమరాల్లో, వ్యక్తుల హార్డ్ డిస్కుల్లో చెదిరి ఉంది. బ్రిక్‌ఫెస్ట్ తొలి నిర్వాహకులు, రైలు క్లబ్బులు పెట్టినవాళ్లు, జాబితా రాసినవాళ్లు అడిగితే చెప్పగలిగే వయసులోనే ఉన్నారు. మౌఖిక చరిత్ర సేకరణ వాళ్లతో మొదలుకావాలి.