'కృపతో నిండినది': మరియ భక్తి వివాదంలో ఒక అనువాద పదం

ప్రొటెస్టెంట్లు మొదటినుంచీ మరియను నిరాకరించారన్న అభిప్రాయం చారిత్రకంగా నిలవదు. క్రీ.శ. 431లో ఎఫెసు మహాసభ ఆమోదించిన 'దైవమాత' బిరుదును మార్టిన్ లూథర్ చివరివరకూ అంగీకరించాడు. 1521లో మరియ స్తుతిగీతానికి వ్యాఖ్యానం రాసి, ఆమె దీనస్థితిని దైవకృపకు నిదర్శనంగా కొనియాడాడు కూడా. క్రమంగా బలపడిన అతని అభ్యంతరం ఆమెను గౌరవించడంపై కాదు, ఆశ్రయించడంపై.

ఈ భేదం ఒక్క పదంలో స్పష్టంగా కనిపిస్తుంది. లూకా సువార్తలో (1:28) దేవదూత మరియను పిలిచిన గ్రీకు సంబోధనకు 'కృపను పొందినది' అని అర్థం. వుల్గాతా లాటిన్ బైబిలు దానిని 'కృపతో నిండినది' అని అనువదించింది. పొందినవారు గ్రహీతలు, నిండినవారు ఇతరులకు ఆశ్రయం కాగలరు. మరియ మధ్యవర్తిత్వాన్ని కోరే భక్తికి ఆ లాటిన్ మాట ఊతమిచ్చింది. 1522 నాటి జర్మన్ అనువాదంలో లూథర్ దానిని విడిచి 'మనోహరమైనది' అన్న అర్థంగల మాటను గ్రహించాడు. విమర్శలకు జవాబుగా 1530లో రాసిన లేఖలో, 'నిండిన' అనగానే జర్మనులకు బీరు పీపానో డబ్బు సంచో తలపుకు వస్తుందని ఎద్దేవా చేశాడు. ఎద్దేవా మోటుదే, కాని దాని వెనుక వాదం సిద్ధాంతపరమైనది.

మరియ జన్మపాపరహితగా గర్భస్థమైందని 1854లో తొమ్మిదవ పయస్ పోపు ప్రకటించినప్పుడు, ఆధారాలలో ఈ వాక్యమూ చేరింది. దాంతో దూరం పెరిగింది.

తెలుగులోనూ ఆ చీలిక నిలిచే ఉంది. ప్రొటెస్టెంట్లు చదివే పాత అనువాదంలో మరియ 'దయాప్రాప్తురాలు'; కతోలికుల జపమాల ప్రార్థనలో ఆమె వరప్రసాదంతో నిండిన తల్లి.