రైల్స్ ట్యూబూ, ఒక అంకె కథా

ఐసీయూ బయట ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళకి "రైల్స్ ట్యూబ్ వేశారండీ" అన్న మాట కొత్త కాదు. ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం. ఇంతకీ ఈ రైల్ ఎవరు? రైలుబండికీ దీనికీ సంబంధం లేదు లెండి. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అని లండన్ గైస్ హాస్పిటల్ డాక్టరు.

తమాషా ఏంటంటే, ఆయన ఆ గొట్టం చేసింది తిండి పెట్టడానికి కాదు. లోపలున్నది బయటికి లాగి చూడటానికి! ఓట్స్ జావ తాగించి, పావుగంటకోసారి సిరంజితో కొంచెం లాగి, ఆమ్లం ఎంతుందో చూసేవాళ్ళు. 1921 లో బెన్నెట్ అనే ఇంకో డాక్టరుతో కలిసి వందమంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల ఫలితాలు అచ్చువేశాడు.

గొట్టంతో తిండి పెట్టడం అంతకన్నా పాతది. 1790 లో జాన్ హంటర్ అనే సర్జన్, మింగలేని రోగికి ఈల్ చేప తోలుతో చేసిన గొట్టంలోంచి ఆహారం, మందులు పంపాడు. 1880 ల్లో పారిస్ లో తార్నియే నెలలు నిండని పసికందులకి ఇలాగే పాలు పట్టించాడు. తర్వాత తర్వాత ఐసీయూల్లో పెట్టడం, లాగి చూడటం రెండూ ఒకే గొట్టంతో జరిగే పనులైపోయాయి.

ఎలాగంటే, కొన్ని గంటలకోసారి నర్సు సిరంజితో లాగి, పొట్టలో పాలు ఎన్ని మిగిలాయో కొలుస్తుంది. ఎక్కువ మిగిలితే అరగట్లేదని లెక్క. వాంతి అయ్యి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని భయం. అందుకని అంకె గీత దాటితే ఫీడ్ ఆపెయ్యడం. వినడానికి ఎంత లాజికల్ గా ఉందో కదా?

చిక్కల్లా ఆ అంకెతోనే. గొట్టం ఎంత సన్నం, దాని కొస ఎక్కడుంది, బిడ్డ ఎటు తిరిగి పడుకుంది, సిరంజి సైజెంత, వీటన్నిటినిబట్టీ అంకె మారిపోతుంది. పైగా పొట్ట తనంతట తనే రసాలు ఊరిస్తుంది. గీత కూడా హాస్పిటల్ కో రకం. ఎవరు పెట్టారో తెలియని థ్రెషోల్డ్ ఒకటి మన ప్రాజెక్టుల్లోనూ ఉంటుంది, ముట్టుకోవాలంటే అందరికీ భయం. మన దగ్గర తప్పుడు అలారం మోగితే నిద్ర పోతుంది. అక్కడ బిడ్డ తిండి పోతుంది.

ఎంత పోతుంది? 2012 లో వచ్చిన ఒక స్టడీలో 8 దేశాల్లో, 31 పిల్లల ఐసీయూల్లో, వెంటిలేటర్ మీదున్న 500 మందిని చూశారు. డాక్టర్లు రాసిన కేలరీల్లో గొట్టం ద్వారా సగటున లోపలికి వెళ్ళింది 38 శాతం. నూటికి 71 మందికి ఫీడ్ మధ్యలో ఆగింది. అన్నీ ఈ అంకె వల్లే అనను, ఆపరేషన్లూ స్కానింగులూ కూడా ఉంటాయి. కానీ ఇదీ ఒక కారణమే.

2013 లో ఫ్రాన్స్ వాళ్ళు ధైర్యం చేశారు. 9 ఐసీయూల్లో 449 మంది పెద్దవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపులో కొలవడం మానేశారు. వాంతులు పెరిగిన మాట నిజం. కానీ వెంటిలేటర్ న్యుమోనియా కొలవనివాళ్ళలో 16.7 శాతం, కొలిచినవాళ్ళలో 15.8 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. తిండి మాత్రం కొలవనివాళ్ళకే బాగా అందింది.

పిల్లలు పెద్దవాళ్ళకి చిన్న సైజు కాపీలు కారు కాబట్టి వాళ్ళ విషయం వేరుగా తేల్చాలి. 2020 లో యూరప్ పిల్లల ఐసీయూ నిపుణుల సంఘం, మామూలుగా అందరికీ ఇలా కొలవనక్కర్లేదని సూచించింది. బ్రిటన్ లో దీనిమీదే గాస్ట్రిక్-పిక్యూ అని ట్రయల్ కూడా పెట్టారు.

ఒక్క జాగ్రత్త. గొట్టం సరైన చోటుందో లేదో చూడటానికి కొంచెం లాగి పీహెచ్ పరీక్ష చెయ్యడం వేరే సంగతి, అది తప్పనిసరి. పొట్ట ఉబ్బిందా, వాంతులున్నాయా అని చూడటమూ మానకూడదు. నర్సుల్నీ తప్పుపట్టకండి, చార్టులో గడి ఉంటే నింపాలి కదా.

నాకు అనిపించేది ఒకటే. ఆ అంకె పనికొస్తుందని తేలాక మనం కొలవలేదు. గొట్టం ఉంది, సిరంజి ఉంది, కొలవడం సులువు, కాబట్టి కొలిచాం. అది నిజంగా దేన్ని కాపాడుతోందని అడగడానికి ఇన్నేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ ఆకలితో ఉన్నది, ఆకలేస్తోందని నోరు విప్పి చెప్పలేని పిల్లలు.