కందకుర్తి దారిలో సైకిలు

గోదావరి మహారాష్ట్రను దాటి తెలంగాణ నేలను మొదట తాకెడి చోటు కందకుర్తి. మంజీర వచ్చి గోదావరిలో కలియునది అక్కడనే. హరిద్రను కూడ లెక్కించి దానిని త్రివేణీ సంగమమని పెద్దలు చెప్పుదురు. పర్వదినములలో స్నానమునకు వచ్చువారు నదిని చూచి, నీరు తగ్గిన రోజులైనచో నదిలోని పాత శివాలయమును కూడ చూచి పోవుదురు. నేను నేడు మనవి చేయదలచినది నదిని గూర్చి కాదు. ఆ ఊరి నుండియు, ఆ చుట్టుప్రక్కల పల్లెల నుండియు కోడికూతకు ముందే బయలుదేరి బోధను వైపు సాగిన సైకిళ్ళను గూర్చి. అయినను కథను నదితోనే ఆరంభింపక తప్పదు.

కందకుర్తికి వచ్చి చేరెడి మంజీరకు ఎగువన, 1923 నుండి 1931 వరకు, నిజాంసాగరము కట్టినారు. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఆ పనికి సారథ్యము వహించిన ఇంజనీరు. రెండు లక్షల డెబ్బది ఐదు వేల ఎకరములకు నీరందించవలెనని నాటి అంచనా. కాలువ నీరు పారిన రేగడి నేలలో చెరకు పెరిగినది. చెరకు పెరిగిన చోట గానుగ కావలెను గనుక 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును శక్కర్‌నగర్ ఏర్పడినది. పూర్వము అశ్మక రాజధానియైన పోదనము ఇదియేనని చరిత్రకారులు చెప్పుదురు. కాని మా చిన్ననాడు బోధను అనగానే మాకు తోచినది రాజులు కాదు, గాలిలో తేలివచ్చెడి బెల్లపు పాకము వాసనయే.

చెరకు యొక్క స్వభావమొకటి ఇక్కడ చెప్పవలెను. నరికిన చెరకు నిలువ ఉండదు. గంటలు గడచిన కొలది అందలి పంచదార తగ్గిపోవును. అందుచేత నవంబరు మొదలుకొని మార్చి వరకు, ఒక్కొక్క ఏడు ఏప్రిలు వరకు, గానుగ ఆడెడి కాలములో కర్మాగారము రాత్రింబగళ్ళు నడువవలసినదే. ఎనిమిది గంటలకొక షిఫ్టు. శాశ్వతోద్యోగులకు క్వార్టర్లు ఉండినవి. సీజను పనివారు మాత్రము చాల భాగము పల్లెలవారు. ఇల్లు, ఎకరమో అరయెకరమో పొలము, రెండు గేదెలు అక్కడనే. నిజాం రాజ్యములో 1932 జూన్‌లో ఇరువది ఏడు బస్సులతో ప్రభుత్వ బస్సులు ఆరంభమైనవి. జానకంపేట నుండి బోధనుకు రైలు కూడ పడినది. కాని బస్సు ప్రయాణికుల వేళకు నడచును, గానుగ చెరకు వేళకు నడచును. రాత్రి పది గంటలకు షిఫ్టు దిగిన మనిషికి ఏ బస్సున్నది? అతని ముందు రెండు మార్గములే ఉండినవి: ఊరు విడిచి బోధనులో అద్దెగదిలో కాపురముండుట, లేదా సైకిలు కొనుట.

ఆ రెండవ మార్గము సామాన్యునికి అందుటకు ప్రపంచములో చాల పని జరుగవలసి వచ్చినది. రెండు చక్రములు సమానముగా ఉండి, వెనుక చక్రమును గొలుసు త్రిప్పెడి సైకిలును 1885లో ఇంగ్లాండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసినాడు. మూడేండ్లకు బెల్‌ఫాస్టులో డన్‌లప్ అను పశువైద్యుడు గాలి నింపిన రబ్బరు టైరును కనిపెట్టినాడు. తరువాత మన దేశమునకు వచ్చినవన్నియు ఓడ దిగిన రాలీలు, బి.ఎస్.ఏ.లు, హెర్క్యులీసులు. వాటిని ఎక్కినవారు అధికారులు, వైద్యులు, వకీళ్ళు. 1938లో బొంబాయి, పాట్నాలలో స్వదేశీ తయారీ మొదలైనది గాని అంతలో యుద్ధము వచ్చినది. 1942లో మలయా, జావాలు జపాను వశము కాగా రబ్బరుకే కరవు పుట్టినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో మద్రాసు దగ్గర అంబత్తూరులోను, అదే యేట సోనేపట్టులోను, 1952లో ఆసన్‌సోలులోను, 1956లో లూథియానాలోను కర్మాగారములు నడక సాగించినవి. ఈ తేదీలను మన ప్రాంతపు తేదీల ప్రక్కన పెట్టి చూడుడు. 1931లో నీరు వచ్చినది, 1937లో గానుగ వచ్చినది, పల్లెవానికి కొనశక్యమైన సైకిలు మాత్రము 1950 దాటిన తరువాతనే వచ్చినది. నడుమనున్న ఆ పదునైదేండ్లు నడచినవారెవరో, అద్దెగదులలో కాపురమున్నవారెవరో చరిత్రలో ఎవరును వ్రాసిపెట్టలేదు.

కొనదలచినవాడు దుకాణములో చేసెడి ఆలోచన చిన్నది కాదు. ఇరువది రెండంగుళముల ఫ్రేమా, ఇరువది నాలుగా? ఇంటిలో పొట్టివారు కూడ తొక్కవలెనన్నచో మొదటిదే. గొలుసుకు పూర్తి కవరు కావలెనా, సగము చాలునా? పట్టణములో తిరుగువారు పూర్తి కవరు కోరెడివారు, పంచె అంచునకు నూనె అంటదని. రేగడి దారిలో తొక్కువానికి అది వలదు. మట్టి లోపల చేరినచో విప్పుట కష్టము. వానకాలములో నల్లమట్టి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ పేరుకొని, చక్రము పూర్తిగా నిలిచిపోవును. అందుకై ప్రతివాడును క్యారియరులో ఒక పుల్లను గ్రుచ్చుకొని ఉండెడివాడు. పుల్లతో పని కాని చోట సైకిలును భుజమున కెత్తుకొని, మనిషిని మోయవలసిన దానిని మనిషియే మోసుకొని పోయెడివాడు. డైనమో దీపము మంచిదే కాని దానిని చక్రమునకు ఆనించగానే తొక్కుడు బరువగును, సైకిలు ఆగగానే దీపము ఆరిపోవును. ఎనిమిది గంటలు పనిచేసిన కాళ్ళకు ఆ బరువు తెలియును. అందుచేత చాలమంది టార్చిలైటును హ్యాండిలుకు గుడ్డతో కట్టుకొని వెన్నెల రాత్రులలో దానిని కూడ ఆర్పివేసెడివారు.

దీపము లేకున్న పట్టుకొనెడివారు కూడ ఉండిరి. పట్టణములో దీపము లేని సైకిలును, ఇద్దరెక్కిన సైకిలును పోలీసులు ఆపెడివారు. అనేక పురపాలక సంఘములు సైకిలుకు ఏటేటా పన్ను వసూలు చేసి రేకుబిళ్ళ నిచ్చెడివి. ఆ రోజులలో రేడియోకు సయితము లైసెన్సు ఉండెడిదని పెద్దలైన శ్రోతలకు జ్ఞాపకముండును. పెండ్లిచూపులలో అల్లునికి అడిగెడి వస్తువులలో చేతి గడియారము, సైకిలు, రేడియో ఒకే వరుసలో నిలిచినవి.

ఇక దారి. కందకుర్తి నుండి రెంజల్ మీదుగా బోధనుకు సుమారు ఇరువది కిలోమీటర్లు. కంకరరోడ్డు మీద పోయినచో దూరము నిశ్చయము, కాని చెరకు కాలములో ఆ రోడ్డు బండ్లది. బండి వెనుక బండి, ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడుచు, ఎడ్లకు దారి తెలియును గనుక బండివాడు నిద్రించుచు, రాత్రంతయు గానుగ వైపు సాగెడివి. చెరకు గడలు బండికి రెండు ప్రక్కల చాచుకొని ఉండగా, చీకటిలో వాటిని దాటిపోవుట సాహసమే. కొందరు దాటక, బండి వెనుక చేయి వేసి పట్టుకొని తొక్కకుండనే కొంతదూరము పోయెడివారు. రెండవ దారి కాలువ గట్టు. అది కాలువకు సమముగా పోవును గనుక ఎత్తుపల్లములు లేవు, చెట్ల నీడ ఉండును. కాని తుమ్మముల్లు ఎక్కడ ఉండునో చెప్పలేము. పంక్చరు సామాను, గాలిపంపు లేనివాడు గట్టెక్కరాదని మా ఊరిలో కట్టుబాటు. మూడవది పొలముల నడుమ బండ్లజాడ. ఎండిన రోజులలో దగ్గరదారి, వాన పడినచో దారియే కాదు. ప్రతి రైడరును గడప దాటునప్పుడు ఆకాశమును, చంద్రుని, నిన్నటి షిఫ్టువాని మాటను బట్టి ఈ మూడింటిలో ఒకటి ఎన్నుకొనెడివాడు.

నిజామాబాదుకు పోవలసినవారి ఎంపిక వేరు. అది ముప్పది కిలోమీటర్ల దూరము. సాటాపూర్ మీదుగా నవీపేట వరకు తొక్కి, సైకిలును తెలిసినవారి దుకాణము ముందు పెట్టి, రైలెక్కుట తెలివిగల పని. నది కావలి ఒడ్డున, మిరపకు పేరుపడిన ధర్మాబాదు సంతకు పోవువారు, వంతెన లేని రోజులలో సైకిలును పడవలో అడ్డముగా పరుండబెట్టి దాటించెడివారు. ఎండకాలములో ఇసుకలో నడిపించుకొనుచు పోవుటయే.

ఇంతవరకు నేను యంత్రమును గూర్చి, దారిని గూర్చి చెప్పినాను. కాని మా ప్రాంతపు ఇండ్లలో అసలైన చిక్కు ఈ రెండును కావు. సైకిలు ఒక్కటి, ఎక్కవలసినవారు అనేకులు.

మాది ఆ దారిలోనే ఒక పల్లె. మా నాయనగారు సీజను పనివారు. మా అక్క ఏడవ తరగతి ముగించిన యేట హైస్కూలు ఆరు కిలోమీటర్ల దూరములో ఉండినది. ఉదయపు షిఫ్టు వారములో సైకిలు తెల్లవారకముందే పోయెడిది. మధ్యాహ్నపు షిఫ్టు వారములో పగలే బయలుదేరెడిది. రాత్రి షిఫ్టు వారములో మాత్రము ఉదయము ఏడున్నరకు ఇంటికి వచ్చి, సాయంత్రము వరకు గోడకు ఆనుకొని ఉండెడిది. అనగా మూడు వారములలో ఒక్క వారమే అక్కకు సైకిలు. తక్కిన దినములలో నడక. నడచినచో గేదెల పని కాదు. గేదెల పని కాకున్న బడి మాన్పించవలెనని ఇంటిలో మాట పుట్టినది. పైగా అది మగవారి సైకిలు. నడుమ కడ్డీ, దానిపై పరికిణీ కట్టిన పిల్ల. ఊరివారు అనవలసినవన్నియు అన్నారు.

ఆ యేడు సీజను మొత్తము మా నాయనగారు రాత్రి షిఫ్టుకే పోయినారు. ఎందుకో మాకు చెప్పలేదు. వంతులు మారుట పనివారిలో వాడుకే గనుక ఎవరును అడుగలేదు. ఉదయము ఏడున్నరకు ఆయన వచ్చి సైకిలు దిగుటయు, సీటు ఇంకను వెచ్చగా ఉండగనే అక్క దానిని తీసుకొని పోవుటయు నాకు కన్నులకు కట్టినట్లున్నది. ఆయనతో పనిచేసిన ఒక పెద్దమనిషి, చాల ఏండ్ల తరువాత, మా ఇంటి శుభకార్యమునకు వచ్చినప్పుడు చెప్పినాడు: "మీ నాయన నా కాడికి వచ్చి, నీ రాత్రి వంతు నాకియ్యి, నా పగటి వంతు నువ్వు తీస్కో అన్నడు. రాత్రి వంతు అడిగి తీస్కున్నోన్ని నేనా ఒక్కన్నే చూసిన." అక్క ఆ మాట వినుచు వంటయింటి గుమ్మములో నిలబడి ఉన్నది. ఏమియు అనలేదు.

ఇటువంటి లెక్కలు ఒక్క మా ఇంటివే కావని తరువాత చదివి తెలిసికొన్నాను. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చినారు. బీహారు ప్రభుత్వము 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు డబ్బు ఇవ్వగా, హైస్కూళ్ళలో చేరిక పెరిగినదని, బడి దూరమైన ఊళ్ళలో ఆ పెరుగుదల మరింత హెచ్చని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపినారు.

1972లో లూనా, 1985లో హీరో హోండా వచ్చిన తరువాత చేతిలో నాలుగు డబ్బులున్నవారు సైకిలు దిగినారు. అయినను 2011 జనాభా లెక్కలలో, వ్యవసాయమును గృహపరిశ్రమలను మినహాయించి తక్కిన పనులకు పోవువారిని అడుగగా, దేశము మొత్తముమీద నూటికి పదుమువ్వురు సైకిలు మీద పోవుచున్నామన్నారు. మోటారు ద్విచక్ర వాహనములవారు అంతకు కొంచెము తక్కువగానే తేలినారు. నడచి పోవువారు ఇరువది ఇద్దరికి పైమాట. పట్టణపు రోడ్డు మీద మన కంటికి కనబడునది వేరు, లెక్కకు వచ్చినది వేరు.

బోధను కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యము లోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. సైరను లేదు, షిఫ్టు లేదు. సాహిబాబాదులోని అట్లాస్ సైకిలు కర్మాగారములో 2020లో ఉత్పత్తి ఆగినది. ఆ దినము జూన్ 3, ప్రపంచ సైకిలు దినోత్సవము.

మొన్న కార్యక్రమము పనిమీద కందకుర్తికి పోయినప్పుడు సంగమము ఒడ్డున ఒక నడివయసు మనిషి కనబడినాడు. సైకిలు క్యారియరుకు వల, అల్యూమినియము గిన్నె కట్టి ఉన్నవి. ఇంటి దగ్గర కుమారుని మోటారు సైకిలున్నదని మాటలలో తెలిసినది. మరి దానిమీద రాకూడదా అని అడిగితిని. ఆయన ఇసుకను చూపించినాడు.

"బండి గీ ఇసుకల దిగితె మల్ల ఎక్కదు సారూ. సైకిలైతె భుజాన ఏసుకోని పోత."

అని, నిజముగనే సైకిలును భుజమునకెత్తుకొని, నీటి వైపు నడచిపోయినాడు.