లేఖయందలి లిపిసంకేతము నెఱుగుట

కంప్యూటరు అక్షరముల నెఱుగదు, అంకెలనే యెఱుగును. ఒక్కొక్క యక్షరమున కొక్కొక్క అంకె నేర్పరచి, వానిని బైట్లను చిన్న గూళ్లలో దాచుటయే దానికి వ్రాత. ఏ యక్షరమున కే యంకె యనునది కేవలము ఒప్పందము. అట్టి యొప్పందములు పెక్కు వెలసినవి. 1963లో అమెరికాలో ఆస్కీ పుట్టెను. మరుసటి యేడే ఐ.బి.ఎం. సంస్థ తన యంత్రములకు ఎబ్సిడిక్ అను వేఱొక సంకేతమును చేకొనెను. సర్వలిపులకు నొకే పట్టికగా యూనికోడ్ 1991లో వెలువడగా తెలుగునకును అందు చోటు దొరకినది. ఆ పట్టికను బైట్లలో నిమిడ్చెడు యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి.

1998 ఫిబ్రవరి 10వ తేదీన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ఎక్స్ఎంఎల్ అను లేఖనవిధానమును ప్రమాణముగా ప్రకటించెను. ఒక యంత్రము వ్రాసినదానిని మఱొకటి చదువుకొనుటకై యేర్పడిన విధాన మిది. ఇందు లేఖ తన సంకేతము పేరును మొదటి పంక్తిలో తానే చెప్పుకొనును. చిక్కంతయు నిక్కడనే. ఆ పంక్తి చదివినగాని సంకేతము తెలియదు. సంకేతము తెలిసినగాని ఆ పంక్తి చదువరాదు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ మందురు.

ఈ ముడిని విప్పిన తీరు ముచ్చటైనది. ఆ పంక్తి యున్నచో ఒక కోణచిహ్నము, ఒక ప్రశ్నార్థకము, పిదప ఎక్స్, ఎం, ఎల్ అను చిన్న లాటిను అక్షరములు, ఈ వరుసనే రావలెను. ఏమి వ్రాసిరో ముందే తెలిసియున్నది గాన ఎట్లు వ్రాసిరో యూహింప వీలగును. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ శాసనముల చివర మాటిమాటికి వచ్చు పదము 'దానం' అయి యుండవలెనని తలచి బ్రాహ్మీలిపి గుట్టు విప్పలేదా? ఇదియు నా త్రోవయే. మొదటి నాలుగు బైట్లు 60, 63, 120, 109 అయినచో ఆస్కీ కుటుంబము. 76, 111, 167, 148 అయినచో ఎబ్సిడిక్. 0, 60, 0, 63 అని నడుమ సున్నలు వచ్చినచో యూటీఎఫ్-16. కుటుంబము తెలిసిన పిదప పంక్తి చదివి అసలు పేరు తెలిసికొందురు. కొన్ని లేఖలకు 254, 255 అనియో, 239, 187, 191 అనియో తలయందే గుర్తుముద్ర యుండును. ముద్రయు పంక్తియు లేక, వెలుపలినుండి వేఱు సమాచారమును లేనిచో యూటీఎఫ్-8 యని గ్రహింపవలెను.

లేఖను మోసికొనివచ్చు కవరుపైనను సంకేతనామ ముండవచ్చును. 2001 నాటి నియమ మొకటి, 'టెక్స్ట్' తెగకు చెందినదిగా పంపబడి కవరుపై సంకేతము లేని లేఖను, లోపల నేమి వ్రాసియున్నను సరే, ఆస్కీగానే యెంచుమనెను. మొండి నియమము! ఆస్కీలో తెలుగక్షర మొక్కటియు లేదు. 2014లో దానిని తొలగించి, ముందు ముద్ర, పిదప కవరు, ఆ పిదప లోపలి పంక్తి యని వరుస నిర్ణయించిరి.

మన 'క'కారము యూటీఎఫ్-8లో 224, 176, 149 అను మూడు బైట్లు. వానిని విండోసువారి పాత పశ్చిమ సంకేతముగా చదివినచో స్వరచిహ్నము గల లాటిను 'ఏ'యు, డిగ్రీల సున్నయు, ఒక నల్లని చుక్కయు కానవచ్చును. చూచినంతమాత్రమున బైట్లు చెడవు. ఆస్కీలోనికి బలవంతముగా మార్చి, అక్షరములకు మాఱుగా ప్రశ్నార్థకములను దాచుకొన్నచో మాత్రము ఆ లేఖనుండి మూలమును తిరిగి రాబట్టు నుపాయము లేదు. అందుకే సంకేతమునకు పొసగని బైట్లు దొరకినచో అది క్షమింపరాని దోషమని ప్రమాణము శాసించినది. ఇది కఠినమైనను న్యాయమే.

ప్రోగ్రాములు వ్రాయువారిలో కొందఱు లేఖను తమ యూహ చొప్పున ముందే అక్షరములుగా మార్చి, పిదప ఎక్స్ఎంఎల్ చదివెడు భాగమున కిత్తురు. ముడి బైట్లనే దాని కప్పగింపవలెను. లేనిచో లోపలి పంక్తి ఒక సంకేతము పేరు పలుకుచుండగా, చేతిలో నున్నది వేఱొకటి యగును.