లలితగీతమున కెల్ల యెక్కడ?

"ఇది లలితగీతము, అది కాదు" అను తగవు తెలుగునాట చిరకాలముగా సాగుచున్నది. సంగీత విద్వాంసులు కొందరు కచేరికి తగదని తోచిన ప్రతి పాటను లలితమని ప్రక్కకు పెట్టుదురు. సినిమా సంగీతము గిట్టనివారు తెరకెక్కని పాట మాత్రమే లలితమందురు. వాద్యమును చూచి పేరు పెట్టువారు కొందరు, కవిని చూచి పేరు పెట్టువారు మరికొందరు. ఇది కేవలము మాటల పట్టింపు కాదు. ఏ వర్గమున చేర్చితిమో దానిని బట్టియే యొక పాటకు ఆకాశవాణిలో చోటును, పాఠశాలలో బోధనయును, చరిత్రలో పుటయును దక్కుచు వచ్చినవి. కావున ఈ తగవును విజయనగర, సాలూరు ప్రాంతముల చరిత్ర నాధారముగా గొని కొంత విచారింతము. తెలుగు లలితగీతమును తీర్చినవారిలో ముఖ్యులు కొందరా సీమలో పెరిగినవారే.

1919వ సంవత్సరమున విజయనగరమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారి పోషణలో గానపాఠశాల వెలసెను. హరికథా పితామహులని ప్రసిద్ధి గన్న ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. 1936లో వారు విరమింపగా, మొదటినుండియు అచ్చట ఫిడేలు నేర్పుచున్న ద్వారం వెంకటస్వామినాయుడుగారు అధ్యక్షులైరి. ప్రక్కవాద్యముగా నున్న ఫిడేలును నాయుడుగారు ముందునకు తెచ్చి, దానితోనే నిండు కచేరి చేసి మెప్పించిరి. ఇది గొప్ప నూతనత్వమే. అయినను వారు వాయించినవి త్యాగరాజాదుల కృతులే; రాగాలాపనము, స్వరకల్పనము పూర్వమువలెనే నిలిచినవి. మారినది వాద్యము యొక్క స్థానము గాని పాట యొక్క స్వరూపము కాదు. వాద్యమును బట్టి పాటకు జాతి నిర్ణయింపరాదనుటకు మరియొక నిదర్శనము కలదు. నాటకరంగమున నిత్యము మ్రోగిన హార్మోనియమునకు ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు తావీయలేదు. ఆ కాలముననే, ఆ వాద్యము లేకయే, లలితగీత మచ్చట వర్ధిల్లెను.

మరి పాట స్వరూపమే మారినది యెప్పుడు? 1922లో సాలూరు సమీపమందలి శివరామపురమున జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారి చరిత్ర దీనికి సమాధానము చెప్పగలదు. వారి తండ్రి సన్యాసిరాజుగారు ద్వారమువారి కచేరీలలో మృదంగము వాయించినవారు. రాజేశ్వరరావుగారు బాల్యముననే, 1935లో, 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున కృష్ణుడుగా నటించి పాడిరి. పిదప కలకత్తాలో కొంతకాల ముండి హిందూస్థానీ బాణీలను, వంగదేశపు పాటలను చెవినిండ వినిరి. అటు తరువాత మద్రాసు చేరి, ఒంటరిగా కొన్నియు, రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి కొన్నియు గ్రామఫోను పాటలు పాడిరి.

ఆనాటి గ్రామఫోను ప్లేటు నిమిషమునకు 78 మారులు తిరిగెడిది. పది అంగుళముల ప్లేటుమీద ఒక్కొక్క ప్రక్కను మూడు నిమిషములకు కొంచె మటునిటుగా పాట పట్టెడిది. ఇంత యిరుకులో గాయకుడు రాగమును విస్తరించుట కవకాశము లేదు. నెరవునకు గాని స్వరకల్పనకు గాని చోటులేదు. పల్లవికి ముందు వాద్యము లెంతసేపు మ్రోగవలెనో, చరణమునకు చరణమునకు నడుమ నేమి వాయింపవలెనో అంతయు ముందే నిశ్చయింపబడవలెను. ఈ యిబ్బందియే క్రమముగా నొక శిల్పమైనది. పాట ఒక చిన్న చిత్తరువువలె అంచులతో సహా పూర్తియై శ్రోతను చేరెను.

ఆ చిత్తరువున కవసరమైన మాట యప్పటికే సిద్ధమై యుండెను. విజయనగరమున గురజాడ అప్పారావుగారు 1910లో 'ముత్యాలసరము'లను వెలయించిరి. మూడును నాలుగును మాత్రలు కలిసిన మిశ్రగతి, పాటవలె నడచు పాదము, వాడుకకు దగ్గరయైన పలుకు వాని లక్షణములు. ఇది వృషభగతి రగడయే కదా, క్రొత్త యేమున్నదని పండితులు వాదించిరి. గతి పాతదే కావచ్చును. ఆ గతిని పట్టి నడచిన భావము క్రొత్తది. వారి వెనుక బసవరాజు అప్పారావుగారు, 1925లో 'ఎంకి పాటలు' ప్రకటించిన నండూరి సుబ్బారావుగారు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఒక్క మనసులోని ఒక్క అనుభూతిని చిన్న గీతమున నిలుపు విద్యను పెంచిరి. వీరిలో పలువురు కృష్ణా గోదావరీ తీరముల వారు. ఆ కవిత్వమును, సాలూరువంటి గానసీమనుండి వచ్చిన స్వరమును ఒకచోట చేర్చినది గ్రామఫోను.

కావున లలితగీతమునకు రెండు గురుతులు చెప్పవచ్చును. మొదటిది: స్వరము మాటయొక్క భావమును వెంబడించి నడచుట. రెండవది: రచన యంతయు ముందే కట్టుబడి యుండుట, గాయకుని మనోధర్మమునకు పొలము కాకుండుట. భావమే ప్రధానమగుచో పదునేడవ శతాబ్దిలోని క్షేత్రయ్య పదములును లలితములే కావలెను గదా యని యెవరైన నడుగవచ్చును. పదమున భావము పుష్కలముగా నున్నది. కాని ఒక్క పంక్తినే పలుమారులు పలు సంగతులతో పాడుటకును, పలు విధముల నభినయించుటకును అందు చోటుంచబడినది. రెండవ గురుతు దానికి లేదు. హరికథకును ఇదే సమాధానము. అచ్చట కథకుడు సభను చూచి పాటను పెంచును, కుదించును.

ఈ గురుతులతో తగవులోనున్న పాటలను చూతము. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' చిత్రమునకు కృష్ణశాస్త్రిగారు గీతములు వ్రాయగా రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. భానుమతిగారును ఘంటసాలవారును పాడిరి. ఆ గీతములలో రెండు గురుతులును నిండుగా నున్నవి. అయినను 1952 పిదప కేస్కర్ గారు మంత్రిగా నున్న కాలమున సినిమాపాట యనిన చాలు, ఆకాశవాణి వాకిలి దాదాపుగా మూతపడెను. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చిన తరువాత గాని ఆ వాకిలి మరల తెరువబడలేదు. ఆకాశవాణి ఆ కాలమున తన లలితగీతములను తాను పెంచుకొనుట మేలే. కాని పుట్టిన ఇంటిని బట్టి పాటను వెలివేయుట సరియైన విచారణ కాదు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పద్యములు మరింత చిక్కైనవి. వారు విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులు. నాటకరంగమున పద్యము చివర రాగమును సాగదీసి "వన్స్ మోర్" లందుకొను వాడుక బలముగా నున్న దినములలో, వారు రాగమును అర్థమున కెంత కావలెనో అంతకే పరిమితము చేసిరి. కరుణశ్రీగారి 'పుష్పవిలాపము' ప్లేటు దీనికి సాక్ష్యము. ఛందస్సును బట్టి అది పద్యము. గానమును బట్టి లలితగీతము.

ఇక అవతలి యెల్లను చూడవలెను. పార్వతీపుర ప్రాంతమువారైన వంగపండు ప్రసాదరావుగారు (1943-2020) ఉత్తరాంధ్ర పలుకుబడితో కార్మికుల, గిరిజనుల బ్రతుకులను పాటలు కట్టిరి. 1972లో జననాట్యమండలి స్థాపకులలో నొకరైరి. ఆ పాటలలో మాటయే నాయకుడు. కాని అవి వేదికను బట్టి, జనము పలుకు వంతను బట్టి పెరుగుచు మారుచుండును. కావున లలితగీతములు కావు. అంతమాత్రమున వానిని జానపదములలో కలిపివేయుటయు న్యాయము కాదు. కర్త పేరు తెలియక తరతరములుగా వచ్చినది జానపదము. వీనికి కర్తయు కాలమును తెలిసియే యున్నవి. కలిపివేసినచో ముందు నష్టమగునది కవి పేరు. వీనిని జనగీతములని వేరుగా పిలుచుట మేలు.

క్రొత్తదెల్ల లలితము కాదు, లలితమెల్ల రేడియోలో పుట్టలేదు. సందేహము కలిగినప్పుడు పాటను ఇద్దరు మంచి గాయకుల కిచ్చి చూడుడు. ఒకరు దానిని పావుగంటకు పెంచినను పాట చెడక మరింత శోభించినచో అది వేరొక జాతి. పెంచినకొలది పలుచనై, ఉన్నదున్నట్లు పాడినవారి నోటనే నిలిచినచో అది లలితగీతము. అట్టి పాటను పాడునప్పుడు వ్రాసినవారి పేరును, స్వరము కూర్చినవారి పేరును చెప్పి పాడుట మన విధి. ఏలయన అందు గాయకునికి విడిచిన చోటు కొంచెము, వారిరువురు నింపినది సర్వము.