రేకులు ఎక్కించిన కాలం, దించుతున్న కాలం

ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ 1901లో సిమెంటులో ఆస్‌బెస్టాస్ పీచు కలిపి పల్చటి పలకలు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అవి నిప్పుకు కాలవు, తుప్పు పట్టవు, వాటిని చెదలు తినవు, ధరా తక్కువే. పైకప్పుకు ఇంకేం కావాలి? యాభై ఏళ్లు తిరక్కుండానే ఆ విద్య హైదరాబాదు చేరింది. 1946లో హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ ఏర్పడింది. సనత్‌నగర్ ఫ్యాక్టరీ చార్మినార్ రేకులు తాటాకునూ పెంకునూ తోసిరాజని ఇళ్లు, బడి వరండాలు, గోదాముల మీదికి ఎక్కాయి. ఆ పీచు మన నేలలోనూ ఉంది. పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె గనుల్లో దొరికే దాన్నే రాతినార అంటారు.

ప్రమాదం సంగతి మాత్రం అప్పటికే బయటపడింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో ఆస్‌బెస్టాస్ నూలు వడికిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్లకే చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో ఖనిజ రేణువులు దిగబడి ఉన్నట్టు డాక్టర్ విలియం కుక్ గుర్తించాడు. బ్రిటన్ 1931లో ఫ్యాక్టరీల దుమ్ముకు నిబంధనలు పెట్టింది. ఇది కార్మికుల జబ్బేననుకున్నారు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే వైద్యుడి బృందం ఆ భ్రమను పోగొట్టింది. ఊపిరితిత్తుల పొరకు పట్టే మెసోథీలియోమా అనే క్యాన్సర్, గనిలో ఎన్నడూ దిగనివాళ్లకూ, గనుల ఊళ్లలో పెరిగినందుకే వచ్చిందని చూపింది. పీల్చిన పీచు జబ్బుగా బయటపడటానికి ఇరవై, నలభై ఏళ్లు పడుతుంది. అందుకే అనుమానం ఇంటి దాకా రావడానికి అంతకాలం పట్టింది.

పారిస్‌లోని జుస్యూ యూనివర్సిటీలో ఉక్కు దూలాలు మంటలకు కుంగకుండా ఆస్‌బెస్టాస్ చిమ్మారు. అది రాలడం చూసి 1970లలో అక్కడి ఉద్యోగులు, వారిలో రసాయన శాస్త్రవేత్త ఆన్రీ పెజెరా, పోరాటానికి దిగారు. ఫ్రాన్స్ 1997లో పూర్తి నిషేధం పెట్టింది. జుస్యూ శుద్ధి మాత్రం 2016 దాకా సాగింది. ఇలాంటి పనిలో గదిని పాలిథిన్‌తో మూసేసి, గాలి లోపలికే తప్ప బయటికి పోకుండా ఫిల్టరు యంత్రాలతో లాగుతారు. పనివాళ్లు స్నానం చేయకుండా బయట అడుగుపెట్టరు.

కాన్‌బెరా అనుభవం ఇంకా చేదు. 1968-79 మధ్య అక్కడ ఇళ్ల అటకల్లో వేడి తగ్గించడానికి పొడి ఆస్‌బెస్టాస్ నింపారు. తర్వాత ప్రభుత్వమే తీయించింది. అయినా గోడల సందుల్లో పీచు మిగిలిపోయింది. చివరికి 2014లో వెయ్యికి పైగా ఇళ్లను కొని కూల్చేయాలని నిర్ణయించారు.

మన రేకుల్లో పీచు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. పగలని రేకు అంతగా హాని చేయదు. బోల్టుకు డ్రిల్లు పెట్టినప్పుడు, గ్రైండరుతో కోసినప్పుడు లేచే తెల్లటి దుమ్ముతోనే భయం. ఎండకు ఎండి వానకు నాని పైపొర పొడిబారిన పాత రేకులతోనూ అంతే. వాటిని దించే పద్ధతి కష్టమైనదేం కాదు. ముందు నీళ్లతో బాగా తడపాలి, బోల్టులు విప్పి రేకును పగలకుండా చేతులు మార్చుకుంటూ దించాలి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి కట్టాలి. కింద పడ్డ ముక్కలను పొడిగా ఊడ్వకూడదు. స్లాబు వేయడానికి తొందరపడే చోట జరిగేది వేరు. సుత్తితో నాలుగు దెబ్బలు, కింద ముక్కల కుప్ప, ఆపైన ఆ ముక్కలే గుంతల్లో పూడిక.

కేంద్రం ఆస్‌బెస్టాస్ గనులకు 1986లో కొత్త లీజులు ఆపింది, 1993లో పాతవాటి పునరుద్ధరణనూ ఆపింది. పీచు దిగుమతి మాత్రం సాగుతూనే ఉంది. ఇక్కడ తవ్వకూడదన్న సరుకును బయటినుంచి తెచ్చుకోవడం ఏ లెక్కకూ అందదు. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని, జబ్బు నిర్ధారణైతే లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పాత ఇంటి మీదికెక్కి ఒక్కపూటలో రేకులు దించి మర్నాడు మరో వీధికి వెళ్లిపోయే అడ్డా కూలీ పేరు ఏ రికార్డులోనూ ఎక్కదు.