పాత నిస్సాన్ 300జెడ్‌ఎక్స్‌లో మిస్సింగ్: ఇంజెక్టర్లు మార్చే ముందు తెలుసుకోవాల్సినవి

1990ల నాటి నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ఐడ్లింగ్‌లో వణుకుతూ, యాక్సిలరేటర్ తొక్కగానే మిస్సింగ్ ఇస్తుంటే చాలామంది మొదట స్పార్క్ ప్లగ్గులు మారుస్తారు. ఆ తర్వాత ఇగ్నిషన్ కాయిల్స్. ఆ రెండూ కొత్తవి వేసినా వణుకు పోకపోతే అప్పుడు ఇంజెక్టర్ల మీద అనుమానం వస్తుంది. ఈ కారు విషయంలో ఆ అనుమానం ముందే రావాలి. ఎందుకంటే మొదటి ఏళ్లలో వచ్చిన బండ్లకు ఇంజెక్టర్లు పెద్ద బలహీనత.

జెడ్32 అనే కోడ్ పేరున్న ఈ మోడల్ 1989లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చింది. అమెరికాలో 1996 వరకు, జపాన్‌లో 2000 వరకు అమ్ముడైంది. 2,960 సీసీ వీ6 ఇంజిన్, 24 వాల్వులు. అమెరికాలో ట్విన్ టర్బో మోడల్‌కు 300 హార్స్‌పవర్, టర్బో లేనిదానికి 222. బానెట్ ఎత్తి చూస్తే చెయ్యి దూరే సందు కూడా కనిపించదు. ఇంజెక్టర్లు ఆరూ ఇంజిన్ నెత్తిన ఉండే అల్యూమినియం గాలి పెట్టె కింద దాగి ఉంటాయి. ఆ పెట్టెనే ప్లీనమ్ అంటారు. ఈ పనిలో ఖర్చంతా ఇంజెక్టర్ ధర కాదు, అక్కడిదాకా వెళ్లే దారిదే.

ఎందుకు పాడవుతాయి?

ఇవి సైడ్ ఫీడ్ రకం ఇంజెక్టర్లు. మామూలు ఇంజెక్టర్‌కు పెట్రోల్ పై నుంచి దిగుతుంది. ఇందులో పక్క నుంచి వస్తుంది, అంటే ఇంజెక్టర్ నడుము ఎప్పుడూ పెట్రోల్‌లో మునిగే ఉంటుంది. అమెరికాలో ఇథనాల్ కలిపిన పెట్రోల్ వాడకం పెరిగాక, లోపలి రాగి తీగ చుట్ట మీది పూత తినేసుకుపోయి కాయిల్ చెడిపోతోందని ఈ కార్ల మెకానిక్‌లు చాలాకాలంగా చెబుతున్న మాట. తర్వాతి ఏళ్లలో నిస్సాన్ వేరే డిజైన్ ఇంజెక్టర్లు పెట్టింది. వాటి కనెక్టర్ ఆకారం వేరు కాబట్టి పాత బండికి అవి వేయాలంటే వైరింగ్ ప్లగ్గులు కూడా మార్చాలి.

ఇథనాల్ సంగతి ఇప్పుడు మన ఇళ్ల ముందుకూ వచ్చింది. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2025 నాటికి దాదాపు అంతటా వచ్చేసింది. దాన్ని తట్టుకునే రబ్బర్, ప్లాస్టిక్ భాగాలతో కొత్త బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. అంతకుముందు కొన్న పాత ఇంజెక్షన్ కారు ఇంట్లో ఉన్నవాళ్లు కింద పైపుల గురించి చెప్పిన మాటలు తమ బండికీ పట్టించుకోవచ్చు.

ముందు పరీక్ష, తర్వాతే స్పానర్

మల్టీమీటర్ ఉంటే చాలు. కనెక్టర్ తీసి ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య కొలిస్తే 10 నుంచి 14 ఓమ్‌ల మధ్య రావాలి. ఆరింటినీ కొలిచి పోల్చాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఇంకోసారి చూడటం మంచిది, కొన్ని వేడి మీదే తేడా చూపిస్తాయి. కారు కంప్యూటర్ 51 నంబర్ కోడ్ చూపిస్తే ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం. అయితే కోడ్ రాలేదని ఇంజెక్టర్లు బాగున్నట్టు కాదు. కొలత సరిగ్గానే ఉండి మిస్సింగ్ ఆగకపోతే కనెక్టర్లు చూడాలి. ముప్పై ఏళ్ల వేడికి వాటి ప్లాస్టిక్ బిస్కెట్‌లా పెళుసుబారి ఉంటుంది, లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది.

ఇంజెక్టర్లను మెషిన్‌లో వేసి క్లీన్ చేయిస్తే సరిపోతుందని కొందరు ఉస్తాద్‌లు చెబుతారు. మూతి మూసుకుపోయి స్ప్రే సరిగ్గా పడకపోతే అది పనిచేస్తుంది. కాయిలే పోయినదాన్ని ఎంత కడిగినా లాభం లేదు. స్క్రాప్ బండి నుంచి పాత రకం ఇంజెక్టర్ తెచ్చి వేయడం కూడా అంతే, అదే జబ్బు ఉన్నదాన్ని డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు.

ఒక్కటే పోయింది, ఒక్కటే మారుద్దాం అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఒకటి పోయిందంటే మిగతా అయిదు కూడా అదే వయసువి, అదే పెట్రోల్ తాగినవి. మూడు నెలలకు రెండోది పోతే మళ్లీ అంతా విప్పాలి, మళ్లీ లేబర్ కట్టాలి. ఆరూ ఒకేసారి మార్చడమే చివరికి చవక.

విప్పేటప్పుడు

మొదట పెట్రోల్ ప్రెషర్ దింపాలి. పంప్ ఫ్యూజ్ తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడపాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైర్ తీసేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేలాడే పాతకాలపు బల్బు లైట్ ఈ పనికి పనికిరాదు. అది పగిలితే చాలు, నిప్పు అంటుకోవడానికి. ఎల్‌ఈడీ టార్చ్ వాడాలి, పౌడర్ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోవాలి. షెడ్డులో సిగరెట్ వద్దని వేరే చెప్పక్కర్లేదు.

ప్లీనమ్ తీయకుండానే సందులోంచి చెయ్యి పెట్టి ఇంజెక్టర్లు మార్చేవాళ్లూ ఉన్నారు. బాగా చెయ్యి తిరిగినవాళ్లకు అది కుదురుతుంది. కానీ కింద ఉన్న రబ్బర్ పైపులు ఎలా ఉన్నాయో చూసే అవకాశం పోతుంది.

రెండు థ్రాటిల్ బాడీల దగ్గర వచ్చే కూలెంట్ పైపులు, వెనక వైపు గోడకు ఆనుకుని ఉండే పీసీవీ పైపులు, చిన్న చిన్న వ్యాక్యూమ్ గొట్టాలు, ఇవన్నీ ఊడదీసేటప్పుడే ఫోన్‌లో ఫొటోలు తీసి, ప్రతి పైపుకూ టేప్ చుట్టి నంబర్ రాసుకోవాలి. విరిగిపోయినవి ఎన్నో అప్పుడే తెలుస్తుంది. ప్లీనమ్ ఎత్తగానే ఇంజిన్ గాలి దారులు నోరు తెరుచుకుని ఉంటాయి. వాటిని వెంటనే టేప్‌తో మూసేయాలి. అందులో ఒక్క వాషర్ పడి, చూసుకోకుండా స్టార్ట్ చేస్తే వాల్వు, పిస్టన్ రెండూ పోతాయి.

అందరినీ ఏడిపించేది ఇంజెక్టర్ మూతల స్క్రూలు. ఒక్కో మూతకు రెండు. చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి, కానీ అవి జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ తెచ్చుకోవాలి, ముందురోజే నూనె వేసి ఉంచాలి, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌తో కదిలించాలి. తిరిగి బిగించేటప్పుడు అవే వేయకుండా అలెన్ కీ తల ఉన్న స్క్రూలు వేస్తే తర్వాతివాడు దీవిస్తాడు.

పాత ఇంజెక్టర్ లాగినప్పుడు దాని కింది ఓ-రింగ్ రైల్ గుంతలోనే అతుక్కుపోయి ఉండవచ్చు. టార్చ్ వేసి చూసి తీయాలి. దాని మీదే కొత్తది కూర్చోబెడితే లీకేజీ ఖాయం. రైల్‌లో మిగిలిన పెట్రోల్ సిలిండర్లలోకి కారుతుంది కాబట్టి పని అయ్యాక ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడాలి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే.

పైపులు, రబ్బర్లు

కొత్త ఓ-రింగ్‌లు వైటాన్ రకం అయితే ఇథనాల్‌ను బాగా తట్టుకుంటాయి. శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ కొంచెం రాసి, మెలి తిరగకుండా నెమ్మదిగా నొక్కాలి. పొడిగా దూర్చితే అంచు తెగుతుంది, తెగిన సంగతి బయటికి కనిపించదు.

పెట్రోల్ పైపు కొనేటప్పుడు దాని మీద ముద్ర చదవాలి. 30ఆర్7 అని ఉన్నది కార్బొరేటర్ బండ్లకు, అది 50 పీఎస్‌ఐ వరకే. ఇంజెక్షన్ బండికి 30ఆర్9 ఉండాలి, అది 100 పీఎస్‌ఐకి చేసినది. ఈ ఇంజిన్‌లో ప్రెషర్ 34 నుంచి 43 పీఎస్‌ఐ మధ్యే కదా, ఆర్7 చాలదా అని దుకాణంలో అనవచ్చు. వేడికి రబ్బర్ గట్టిపడ్డాక, టర్బో బూస్ట్‌తో ప్రెషర్ ఇంకా పెరిగినప్పుడు ఆ చిన్న తేడానే మంటకూ క్షేమానికీ మధ్య తేడా. క్లాంపులు కూడా అంచు మడిచిన ఇంజెక్షన్ రకమే కావాలి. గాట్లున్న మామూలు క్లాంపు రబ్బర్‌ను కోసేస్తుంది.

ప్లీనమ్ విప్పి ఉండగానే కూలెంట్ పైపులు, పీసీవీ వాల్వులు, వ్యాక్యూమ్ గొట్టాలు అన్నీ కొత్తవి వేయాలి. నాక్ సెన్సార్ వైరు కూడా కిందే ఉంటుంది, పెళుసుగా ఉంటే మార్చేయాలి. గాస్కెట్ పాతది మళ్లీ వాడకూడదు. అల్యూమినియం మీద ఇనుప బ్లేడ్‌తో గీకితే గీతలు పడి గాలి లీకవుతుంది, ప్లాస్టిక్ స్క్రేపర్ వాడాలి. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించాలి.

ప్లీనమ్ మూసే ముందే లీక్ టెస్ట్

హడావిడిలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఇంజెక్టర్లు, పైపులు బిగించాక ప్లీనమ్ పెట్టకుండా, ఫ్యూజ్, బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయాలి. పంప్ కొన్ని సెకన్లు తిరిగి ఆగుతుంది. అలా నాలుగైదు సార్లు చేసి, టిష్యూ కాగితంతో ప్రతి ఇంజెక్టర్ చుట్టూ, ప్రతి క్లాంపు కింద తుడిచి చూడాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. తడి ఎక్కడ తగిలినా అక్కడే ఆపి సరిచేయాలి. మూసేశాక లీక్ వస్తే పెట్రోల్ వేడి ఇంజిన్ మధ్య గుంతలో చేరుతుంది, కంటికి కనిపించదు.

అంతా మూసి స్టార్ట్ చేశాక ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంటే ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం మర్చిపోయారని అర్థం, ముందుగా ఫొటోలు తీసి చూసుకోవాలి. కూలెంట్ నింపి గాలి పోయేదాకా నడపాలి. మొదటి రాత్రి బండిని ఇంటి కింద మూసిన గ్యారేజీలో పెట్టకుండా ఆరుబయట ఉంచి, తెల్లారి బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన వస్తుందేమో చూడాలి.